ఉప్పునీటి వైద్యం నుంచి వేసవి విడిది దాకా

వేసవిలో సముద్రతీరపు ఊరికి వెళ్లి, ఒక అతిథిగృహంలో ఏ పనీ పెట్టుకోకుండా కొన్నాళ్లు గడిపి రావడం ఇవాళ వినోదాల లెక్కలోకి వస్తుంది గాని, ఈ అలవాటుకు మూలం వినోదంలోనూ లేదు, వేసవిలోనూ లేదు. అది 18వ శతాబ్ది నడుమ ఇంగ్లండు దక్షిణ తీరంలో ఒక వైద్యుడు తన రోగుల కోసం కట్టించిన ఇంట్లో ఉంది. ఆ ఇంటికి వచ్చినవారు సముద్రాన్ని చూడటానికి వచ్చినవారు కారు, తాగడానికి వచ్చినవారు. పెద్దవాళ్లు పొద్దున్నే ఒక పైంటు, అంటే అర లీటరుకు కాస్త పైన, సముద్రపు నీరు తాగితే మూడు నాలుగు విరేచనాలై ఒంట్లోని చెడుగు పోతుందని ఆ వైద్యుడు తన గ్రంథంలో నమ్మకంగా రాశాడు, ఆ నమ్మకాన్ని దేశంలోని సంపన్న వర్గమంతా స్వీకరించింది. బాల్కనీలో కూర్చుని అలలను చూసే నేటి అతిథి వంశవృక్షాన్ని తిరగేస్తే, దాని మొదట్లో కనిపించేది ఊపిరి బిగబట్టి గ్లాసెడు ఉప్పునీరు మింగిన ఆ రోగే.

ఆ వైద్యుడి పేరు రిచర్డ్ రస్సెల్. ససెక్స్ ప్రాంతంలోని లూయిస్ పట్టణంలో వైద్యం చేసే ఆయన 1750లో లాటిన్ భాషలో ఒక గ్రంథం ప్రకటించి, గ్రంథులు వాచి చివికిపోయే వ్యాధులకు, ముఖ్యంగా మెడ చుట్టూ కంతులు కట్టే గండమాలకు, సముద్రజలం దివ్యౌషధమని ప్రతిపాదించాడు. లోపలికి తాగడం, ఒంటికి రాయడం, చన్నీటి స్నానం చేయడం అని మూడు విధాలుగా ఆ చికిత్స సాగేది. రెండేళ్లలోనే ఆ గ్రంథాన్ని ఆయన అనుమతి లేకుండా ఎవరో ఇంగ్లీషులోకి తెచ్చి అమ్మడం చూస్తే, ఆ మాట వినడానికి జనం ఎంత ఆత్రంగా ఉన్నారో తెలుస్తుంది. లూయిస్‌కు దగ్గరలో తీరం మీద ఉన్న బ్రైట్‌హెల్మ్‌స్టన్, అంటే నేటి బ్రైటన్, అప్పటికి చితికిపోయిన బెస్తల ఊరు. 1703, 1705 సంవత్సరాల తుపానులు దాని దిగువ పేటను ఊడ్చేశాయి, చేపల వేట సన్నగిల్లింది, ఇళ్లు చాలామటుకు ఖాళీగా పడి ఉన్నాయి. 1753లో రస్సెల్ తన కాపురాన్ని అక్కడికి మార్చి, స్టీన్ అనే పచ్చిక మైదానం కొసన, సముద్రానికి ఎదురుగా, ఊళ్లో అన్నిటికన్నా పెద్ద ఇంటిని కట్టించాడు.

ఆ ఇంటి ముఖద్వారం దిక్కే ఈ చరిత్రలో అసలైన మలుపు. సముద్రం మీద బతికే బెస్తవారు తమ ఇళ్లను సముద్రానికి వీపు పెట్టి కట్టుకునేవారు, ఎందుకంటే వారికి సముద్రమంటే పనిచోటు, దాని నుంచి వచ్చేది ఉప్పుగాలి, చలి, అప్పుడప్పుడు చావు కబురు. రస్సెల్ ఇల్లు మాత్రం నేరుగా సముద్రం వైపు తెరుచుకుంది. రోగులు అక్కడే బస చేసి, దక్షిణపు తలుపు తీసుకుని తిన్నగా ఇసుకలోకి దిగగలిగేవారు. 1759లో ఆయన మరణించాక ఆ ఇంటిని సీజనులో వచ్చే అతిథులకు అద్దెకిచ్చారు. అద్దెకున్నవారిలో మూడవ జార్జి రాజు తమ్ముడు కంబర్లాండ్ డ్యూక్ కూడా ఒకడు. 19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో దాన్ని పడగొట్టి, 1826లో ఆ స్థలంలోనే ఆల్బియన్ హోటల్ తెరిచారు. వైద్యుడి ఇల్లు అద్దె విడిదిగా, విడిది హోటలుగా మారిన ఈ క్రమమంతా ఒకే స్థలంలో, ముప్పావు శతాబ్దంలో జరగడం ఎంతో సంతోషం కలిగించే సంగతి, ఎందుకంటే సంస్థల చరిత్రలో ఇంత తేటగా కంటికి కనిపించే వారసత్వం అరుదు. ఆ హోటలు 2023 జూలైలో అగ్నిప్రమాదంలో ఘోరంగా దెబ్బతిన్నది.

రస్సెల్‌కు ముందువారు లేరని కాదు. రోమన్ సంపన్నులు నేపుల్స్ సమీపంలోని బాయీ తీరంలో విలాస భవనాలు కట్టుకుని వేసవి గడిపేవారు, అక్కడి భోగలాలసను తత్వవేత్త సెనెకా తన లేఖల్లో గర్హించాడు. ఆ తరువాత చాలా శతాబ్దాల పాటు సముద్రతీరం ఓడలవారికి, జాలరులకు, దొంగలకు తప్ప ఎవరికీ పట్టలేదు. ఇంగ్లండు ఈశాన్య తీరంలోని స్కార్‌బరోలో 1626 ప్రాంతంలో ఖనిజజలపు ఊట బయటపడి జనం చేరసాగారు. ఊట పక్కనే సముద్రం ఉండటంతో, ఆ శతాబ్ది ద్వితీయార్ధంలో రాబర్ట్ విట్టీ అనే వైద్యుడు వాతరోగులకు సముద్రస్నానాన్ని కూడా సిఫారసు చేశాడు. తెలుగు తీరంలో ధోరణి వేరు: పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకరాదన్న ఆచారం వల్ల మాఘ, కార్తిక పున్నములకు తీరం జనంతో నిండిపోయి మర్నాటికి ఖాళీ అయ్యేది, యాత్రికులకు సత్రాలుండేవి గాని, ఊరికే ఉండిపోవడానికి ఎవరూ వచ్చేవారు కారు.

ఇక రస్సెల్ తరువాతి అరవై ఏళ్ల బ్రైటన్ విషయానికి వస్తే, అంత వింతైన, అంత జీవకళ గల కాలం ఈ చరిత్రలో మరొకటి లేదు. ముందుగా స్నానపు బండిని చెప్పుకోవాలి. నాలుగు పెద్ద చక్రాల మీద నిలిపిన కొయ్యగది అది. లోపల ఒక బల్ల, తడవకుండా బట్టలు పెట్టుకోవడానికి ఎత్తున ఒక అర, వెలుతురుకు పైకప్పు దగ్గర చిన్న కంత. ఒడ్డున మనిషి లోపలికి ఎక్కి తలుపు వేసుకుంటే, గుర్రం ఆ బండిని నీళ్లలోకి లాగేది. లోపల ఉన్నవారు ఆ కుదుపుల మధ్య చీకట్లో బట్టలు మార్చుకుని, నడుములోతు వచ్చాక సముద్రం వైపు తలుపు తీసి మెట్ల మీదుగా దిగేవారు. స్కార్‌బరో తీరాన్ని చూపే 1735 నాటి ఒక ముద్రణచిత్రంలోనే ఇలాంటి బండి కనిపిస్తుంది. మార్గేట్ పట్టణంలో చేతితొడుగులు తయారుచేసే బెంజమిన్ బీల్ అనే క్వేకరు, అంటే నిరాడంబరతను వ్రతంగా పాటించే క్రైస్తవ శాఖకు చెందినవాడు, 1750ల్లో ఈ బండికి కాన్వాసు గుడ్డతో గొడుగులాంటి మడత పందిరిని చేర్చాడు. దాన్ని నీటి మీదికి దించితే స్నానం చేసేవారు ఒడ్డున ఎవరి కంటా పడకుండా మునగవచ్చు.

మునగడం అన్నది కూడా సొంతంగా చేసే పని కాదు. స్త్రీలను ముంచడానికి డిప్పర్లనే బలిష్ఠులైన ఆడవాళ్లు ఉండేవారు. ముదురు రంగు గౌన్లలో నడుములోతు నీళ్లలో నిలబడి, బండి మెట్ల మీద వణుకుతున్న మనిషిని పట్టుకుని, అల వచ్చే వేళకు సరిగ్గా తలదాకా ముంచి లేపడం వారి వృత్తి. వారిలో పేరు మోసింది మార్తా గన్. 1726లో పుట్టిన ఈ బ్రైటన్ స్త్రీ దశాబ్దాల తరబడి సముద్రంలో నిలబడి దొరసానులను ముంచి, తరువాత నాలుగవ జార్జి రాజైన యువరాజు మన్ననలు పొంది, తన పేరిట ముద్రణచిత్రాలు అమ్ముడుపోయేటంత ప్రసిద్ధురాలై, 1815లో కన్నుమూసింది. చేపల వేట క్షీణించిన ఊళ్లో బెస్త కుటుంబాల వారికి, అందులోనూ స్త్రీలకు, కొత్త విద్య నేర్వకుండానే, తమకు తెలిసిన సముద్రం మీదే గౌరవంగా బతికే దారి ఇలా దొరికింది. తరువాతి కాలపు తీర పట్టణాలు స్థానికులకు ఇంత హోదా గల పని మళ్లీ ఇవ్వలేకపోయాయి. ఆ నష్టం గురించి చరిత్రకారులు మరింత గట్టిగా చెప్పవలసింది.

ఈ స్నానాలకు వేసవితో నిమిత్తం లేదు. నీరు ఎంత చల్లగా ఉంటే అంత గుణమన్నది సిద్ధాంతం కనుక తెల్లవారుజామునే మునిగేవారు, శరదృతువు, చలికాలం కూడా వదిలేవారు కారు. నవలా రచయిత్రి ఫానీ బర్నీ 1782 నవంబరులో, వెన్నెల ఇంకా ఉండగానే లేచి, ముందుగా మాట్లాడిపెట్టుకున్న డిప్పర్ల దగ్గరికి వెళ్లి సముద్రంలో మునిగిన సంగతిని దినచర్యలో సంతృప్తిగా రాసుకుంది. మునక పూర్తయ్యేసరికి ఇంకా తెల్లవారేది కాదు. చికిత్స వారాల తరబడి సాగాలి. మిగిలిన పగలంతా ఏం చేయాలన్న ప్రశ్న నుంచే తీరపు విడిది సంస్కృతి పుట్టింది. స్టీన్ మైదానం అంచున చందా గ్రంథాలయాలు వెలిశాయి. పుస్తకాలు అద్దెకివ్వడంతో పాటు అక్కడ ఒక పెద్ద చిట్టా ఉండేది, ఊళ్లోకి వచ్చిన ప్రతి మర్యాదస్తుడూ అందులో పేరు, బస రాయించుకునేవాడు. మాస్టర్ ఆఫ్ సెరిమనీస్ అనే ఉద్యోగి ఆ పేర్లు చూసి కొత్తవారిని పలకరించి, ఒకరికొకరిని పరిచయం చేసి, నాట్యసభల్లో ఎవరి పక్కన ఎవరు నిలవాలో నిర్ణయించేవాడు. బాత్ పట్టణంలో కూడా ఈ కొలువు చేసిన కెప్టెన్ విలియం వేడ్ బ్రైటన్‌లో దీర్ఘకాలం ఆ పదవిలో ఉన్నాడు.

అతిథులు దిగే ఇళ్లలో భోజనం ఉండేది కాదు. వారం లెక్కన, నెల లెక్కన గదులు మాత్రం ఇచ్చేవారు, వంటవాడినో సరుకులనో అతిథులే సమకూర్చుకోవాలి. ఆ ఇళ్ల వాస్తు కూడా క్రమంగా మారింది: వీధిలోకి గుండ్రంగా పొడుచుకువచ్చే బో కిటికీలు పెట్టారు, దానివల్ల తీరానికి అడ్డంగా ఉన్న సందులోని గది నుంచి కూడా ఒక ముక్క సముద్రం కనిపించేది. సముద్రాన్ని చూడటానికి అద్దె కట్టడమన్నది అలా మొదలయింది. రస్సెల్ తరువాత వచ్చిన ఆంథొనీ రెల్హాన్ అనే వైద్యుడు 1761లో ఆ ఊరి మీద ఒక చిన్న పుస్తకం రాసి, నీటితో పాటు గాలిని కూడా మెచ్చుకున్నాడు. 1769లో జాన్ ఆసిటర్ సముద్రజలాన్ని కాచి గదిలోనే స్నానం చేయించే స్నానశాలను నెలకొల్పాడు. తాగడం వెనకబడింది, మునగడం గదిలోకి వచ్చింది, గాలి పీల్చడం మిగిలింది. చికిత్స ఒక్కొక్క మెట్టే దిగుతూ విశ్రాంతి వైపు నడిచింది.

ఈ కథలో ఒక భారతీయుడికి ప్రముఖ స్థానం ఉంది. 1759లో, రస్సెల్ మరణించిన ఏడాదే, పాట్నాలో పుట్టిన షేక్ దీన్ ముహమ్మద్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసి, ఐర్లండు చేరి, 1794లో తన ప్రయాణాల మీద ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించాడు. ఇంగ్లీషులో ఒక భారతీయుడు ప్రకటించిన తొలి గ్రంథంగా దాన్ని లెక్కిస్తారు. 1810లో లండన్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచి నష్టపోయి, 1814లో బ్రైటన్ వచ్చి, ఆవిరిలో కూర్చోబెట్టి ఒళ్లు మర్దించే ‘చంపీ’ని వైద్యంగా ప్రవేశపెట్టాడు. సన్నటి గుడ్డతో కుట్టిన డేరాలో రోగిని కూర్చోబెట్టి, మూలికలు వేసి కాచిన ఆవిరిని లోపలికి పట్టి, డేరా చీలికల్లోంచి చేతులు దూర్చి కీళ్లను మర్దించే ఆ పద్ధతి నడవలేని దొరలను ఆకర్షించింది. 1821లో సముద్రానికి ఎదురుగా సొంత స్నానశాల కట్టి, నాలుగవ జార్జికి, ఆ తరువాత నాలుగవ విలియమ్‌కు ఆస్థాన మర్దన వైద్యుడయ్యాడు. ఆయన స్నానశాల ఉన్న చోట తరువాత క్వీన్స్ హోటల్ వచ్చింది. రస్సెల్ ఇంటికి పట్టిన గతే దీనికీ పట్టింది. మార్తా గన్, దీన్ ముహమ్మద్ ఇద్దరూ సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో సమాధి అయ్యారు.

యువరాజుగా ఉన్నప్పుడు నాలుగవ జార్జి 1783లో తొలిసారి బ్రైటన్ వచ్చి, కొన్నేళ్లకు ఒక పొలపు ఇంటిని అద్దెకు తీసుకుని, దాన్నే పెంచి పెంచి ప్యాలెస్ చేశాడు; 1815 నుంచి జాన్ నాష్ అనే వాస్తుశిల్పి దానికి మొగలాయీ గుమ్మటాలు, మినార్లు తొడిగి నేటి రాయల్ పెవిలియన్ రూపాన్నిచ్చాడు. 1801లో ఏడు వేల పైచిలుకు జనాభా గల ఊరు 1831 నాటికి నలభై వేలు దాటింది. ఆ పెవిలియన్‌లోనే, మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో గాయపడిన భారతీయ సైనికులకు 1914 చివరి నుంచి ఆసుపత్రి నడిపి, మతాచారాల ప్రకారం వేరువేరు వంటశాలలు ఏర్పాటు చేశారు. మరణించిన హిందూ, సిక్కు సైనికులలో 53 మందిని ఊరి బయటి గుట్టల మీద దహనం చేసిన చోట 1921లో ఛత్రి అనే స్మారకం వెలిసింది. రోగుల కోసం పుట్టిన తీరపు విడిది, నూట అరవై ఏళ్లకు, ఇంకా విషాదమైన కారణంతో రోగుల చేతికి తిరిగి వచ్చింది.

బ్రైటన్‌ను చూసి మిగతా తీరమంతా కదిలింది. మూడవ జార్జి 1789లో వేమత్‌లో సముద్రస్నానానికి దిగితే, పక్కనే మరో స్నానపు బండిలో దాగిన వాద్యబృందం రాజగీతం వాయించింది. మార్గేట్‌కు ధాన్యపు పడవల మీద లండన్ మధ్యతరగతి చేరసాగింది. 1791లో వైద్యుడు జాన్ కోక్లీ లెట్సమ్ పూనికతో అక్కడ గండమాల సోకిన నిరుపేదల కోసం సముద్రస్నానాల ఆసుపత్రికి అంకురార్పణ జరిగింది. జేన్ ఆస్టిన్ 1817లో, మరణానికి ముందు, అసంపూర్తిగా వదిలిన ‘శాండిటన్’ నవలకు వస్తువే ఒక పల్లెను సముద్రతీర విడిదిగా మార్చాలనే ఆరాటం. తరువాత ఆవిరి ఓడలు వచ్చాయి, 1841లో లండన్ నుంచి బ్రైటన్‌కు రైలు పడింది, సామాన్యులు వేసవిలో ఒక్కరోజు షికారుకు దిగసాగేసరికి గొప్పవారు తమ సీజనును చలికాలానికి జరుపుకున్నారు. వేసవి విడిదిని నిజంగా వేసవికి తెచ్చింది సామాన్యులే.

అందులో అగ్రస్థానం లాంకషైర్ నూలు మిల్లుల కార్మికులది. ఆ పట్టణాల్లో చర్చి ప్రతిష్ఠా దినానికి జరిగే జాతరను వేక్స్ అనేవారు. మిల్లులు వచ్చాక ఆ జాతర వారానికి యంత్రాలన్నీ ఆపే ఆనవాయితీ ఏర్పడి, ఒక వారం ఓల్డమ్, ఇంకో వారం బర్న్‌లీ, మరో వారం బ్లాక్‌బర్న్ ఇలా వంతుల వారీగా ఖాళీ అయ్యేవి. ఆ వారానికి జీతం ఉండదు కనుక ఏడాది పొడవునా వారం వారం చిల్లర కూడబెట్టే సంఘాలుండేవి. 1846లో రైలు చేరిన బ్లాక్‌పూల్ ఆ డబ్బుతోనే పెరిగింది. 1894లో తెరిచిన అక్కడి టవరును లేపింది, ఒక రకంగా, ఆ చిల్లరే. ఆ కార్మికులు నేసిన బట్ట తెలుగు నాట చేనేతను ఎంత దెబ్బతీసిందో చెప్పనక్కరలేదు. ఆ బట్టను బహిష్కరించమన్న గాంధీజీ 1931 సెప్టెంబరులో, పని పోయి కష్టాల్లో ఉన్న అదే కార్మికులను చూడటానికి డార్వెన్ వెళ్లి అక్కడి ఇంట బస చేసినప్పుడు, వారు ఆయనను ఆప్యాయంగానే ఆదరించారు.

బ్లాక్‌పూల్ బోర్డింగ్ హౌస్ యజమానురాలు ఈ చరిత్రలో రెండవ మహావ్యక్తి. వెనకటి బ్రైటన్ ఇళ్ల పద్ధతికే ఆమె కొత్త రూపమిచ్చింది: అతిథులు తమ గుడ్లు, మాంసం, రొట్టె తామే కొని తెస్తే, ఆమె ఒకే పొయ్యి మీద ఎవరిది వారికి విడివిడిగా వండిపెట్టేది. వంటగది అల్మారాలో ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క అర, ప్రతి పొట్లం మీద ఫలానా గదివారిదన్న చీటీ. సాయంత్రానికి ఏ చేప ఎవరిదో, ఏ బంగాళాదుంప ఎవరిదో పొరపాటు రాకుండా అన్నీ బల్లల మీదికి చేరాలి. గది అద్దెతో పాటు బిల్లులో వేరేగా ఒక పద్దు ఉండేది: ఉప్పు, మిరియాలు, ఆవపొడి, వినిగరు సీసాలున్న చిన్న స్టాండును వాడుకున్నందుకు రుసుము. ఈ పద్దును పట్టుకుని ఆమెను పిసినారిగా చిత్రించిన పోస్టుకార్డులు అన్నీ ఇన్నీ కావు, కాని అది అన్యాయం. చాలాచోట్ల ఆమె వితంతువో, మిల్లు పని మానుకుని అదే ఊరి నుంచి వచ్చిన కార్మికురాలో. ఏడాది సంపాదనంతా కొద్ది వారాల్లోనే రాబట్టుకోవాలి. తన పడకగదిని కూడా అతిథులకిచ్చి వంటగదిలో పడుకునేది. అదే కుటుంబం అదే వారానికి అదే గదికి ఏటా వచ్చేది, పిల్లలు ఆమె కళ్లముందే పెరిగేవారు. చరిత్రకారుడు జాన్ వాల్టన్ ఆమె మీద 1978లో ఒక పూర్తి గ్రంథం రాయడం న్యాయంగా ఉంది.

1871లో బ్యాంకు సెలవుల చట్టం, 1938లో వేతనంతో కూడిన సెలవుల చట్టం వచ్చాయి. 1936లో బిల్లీ బట్లిన్ స్కెగ్‌నెస్‌లో భోజనం, వినోదం కలిపి ఒకే ధరకిచ్చే సెలవుల శిబిరం తెరిచాడు. రెండవ ప్రపంచయుద్ధానంతరం చార్టర్ విమానాలు జనాన్ని స్పెయిన్ ఎండలోకి మోసుకుపోయాయి. నూలు మిల్లులు మూతపడటంతో వేక్స్ వారాలు వాటితోనే పోయాయి.

బంగాళాఖాతపు తీరానికి ఈ అలవాటు వేరే దారిలో చేరింది. ఇక్కడి అలల ఉధృతికి స్నానపు బండ్లు నిలవవు కనుక నీటి మాట వదిలి గాలి మాటే పట్టుకున్నారు. విశాఖపట్నానికి ఉత్తరాన ఎత్తు మీద తెల్లవారు బంగళాలు కట్టుకున్న వాల్తేరు, అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉన్న గోపాలపూర్, దానికి పైన పూరీ, 19వ శతాబ్ది చివరి దశకంలో తూర్పు తీరపు రైలుమార్గం పడటంతో కలకత్తాకు దగ్గరయ్యాయి. గోపాలపూర్‌లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు అతిథిగృహాలు నడిపాయి. బెంగాలీ వైద్యులు జబ్బుపడి కోలుకుంటున్న వారికి గాలి మార్పును సిఫారసు చేసేవారు. ఆ మాట మీద దసరా సెలవులకు కుటుంబమంతా పరుపులు, గిన్నెలతో సహా వాల్తేరు స్టేషనులో దిగి, ఇల్లు అద్దెకు తీసుకుని, వంట సొంతంగా చేసుకుంటూ, సాయంత్రాలు ఇసుకలో నడుస్తూ వారాల తరబడి ఉండిపోయేది. రస్సెల్ పేరు విన్నవారు వారిలో ఎందరున్నారో గాని, వారు పాటించింది అక్షరాలా ఆయన ఏర్పాటునే.

ఈ రెండున్నర శతాబ్దాల్లో పోయింది సముద్రమూ కాదు, ఇళ్లూ కాదు, అక్కడ ఉండే వ్యవధి. వైద్యుడి చీటీ ఉన్నంతకాలం నెలరోజులు ఊరికే ఉండటాన్ని ఎవరూ సోమరితనమని అనలేదు. వైద్యశాస్త్రం ఉప్పునీటిని పక్కన పెట్టాక విశ్రాంతికి ఆ పూచీ పోయింది. చికిత్స తప్పు, కాని అది ఇప్పించిన తీరిక మేలైనది. బ్రైటన్‌లో సీజను లెక్కన, బ్లాక్‌పూల్‌లో వారం లెక్కన ఇచ్చిన గదులను నేడు విశాఖ, భీమిలి తీరాల్లో రాత్రి లెక్కన ఇస్తున్నారు, మర్నాటి మధ్యాహ్నం లోపు ఖాళీ చేయాలన్న షరతుతో.